పెద్దాయన రాయి బరువు

మీ పాపం ఇంత బరువని చెప్పే పెద్దమనిషి తన నెత్తిన పెట్టుకున్న రాయిని మీరెప్పుడైనా చేత్తో ఎత్తి చూశారా?

చూసి ఉండరు. నేనూ చూడలేదు. నలభై ఏడేళ్లు వచ్చేదాకా నాకా ఆలోచనే రాలేదు. ప్రశ్నలడగడమే పనిగా పెట్టుకుని, సభల్లో ఎదుటివాళ్ల నోళ్లు మూయించి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి, అడగవలసిన ఒక్క ప్రశ్న అడగడానికి ఇరవై ఏళ్లు తీసుకున్నాను. ఆ ఇరవై ఏళ్లూ మా అక్క చెప్పుల కాపలా కాసింది. అందుకే ఇది చల్లటి మనసుతో రాస్తున్నది కాదు. చల్లబడాలని కూడా నాకు లేదు.

స్టీల్ ప్లాంటు పొగగొట్టాలు కనపడే దిక్కున, హైవే వదిలి లోపలికి తిరిగితే ఒక రాతికొండ ఉంది. దాని పేరు రాయను. రాస్తే వచ్చే ఏడు జనం పెరుగుతారు, జనం పెరిగితే రాళ్లు పెరుగుతాయి. కింద సగం తుప్పలు, జీడిమామిడి చెట్లు. పై సగం ఉత్త బండ. కాలు ఆనించడానికి పగుళ్లే తప్ప మెట్టంటూ లేదు. శిఖరం కింద చివరి నాలుగు నిలువుల ఎత్తూ చేతులతో పాకాల్సిందే. పైన ఒక ఇనప సిలువ, దాని చుట్టూ రాళ్ల గుట్ట.

మా సంఘం చిన్నది. పోర్టులో, చేపల రేవులో, ఆస్పత్రుల్లో, బట్టల కొట్లలో పనిచేసే అరవై డెబ్బై మంది. యేసుని సిలువ వేసిన మంచి శుక్రవారం పొద్దున్న అందరూ ఆ కొండ ఎక్కుతారు, చెప్పులు లేకుండా, చేతిలో రాయితో. ఈ రాయి సంగతి బైబిల్లో ఎక్కడా లేదు, నేను వెతికాను. మా పెద్దాయన పెట్టిన ఆచారం అది. ఆయన ప్లాంటులో ఫోర్మన్‌గా చేసిన మనిషి, సంఘానికి పెద్ద. కొండ కింద రాళ్ల కుప్ప పక్కన నిలబడతాడు. ఒక్కొక్కరూ వెళ్లి చేతులు చాస్తారు. ఆయన కాసేపు వాళ్ల మొహంలోకి చూసి, వంగి, ఒక రాయి ఎంచి చేతుల్లో పెడతాడు. "నీ భారం ఇది." పిల్లలకి గులకరాయి. తనకి నచ్చినవాళ్లకి కొబ్బరికాయంత. నచ్చనివాళ్లకి ఎంతో ఆ క్షణం ఆయన మనసుని బట్టి. రాయి మీద తెల్ల పెయింటుతో ఎవరి పేరు అక్షరాలు వాళ్లకి రాసి, సంవత్సరం వేస్తారు. చివరి పాకుడు దగ్గర మాత్రం ఎవరి రాయి వాళ్లు వీపుకి కట్టుకుంటారు. పైకి మోసి సిలువ కింద పెడితే ఆ ఏటి పాపం దిగినట్టు. మధ్యలో వదిలేస్తే దిగనట్టు.

ఆయన రాయి మాత్రం ఆ కుప్పలోది కాదు. అక్షరాలు కూడా ఇంట్లోనే రాసుకుని, తువ్వాలులో చుట్టి తెచ్చుకుంటాడు. "నా పాపం నా ఇంట్లో పుట్టింది. రాయీ నా ఇంటి నుంచే రావాలి" అంటాడు. మంచి గుమ్మడికాయంత రాయి. దాన్ని నెత్తిన పెట్టుకుని, ఒక్క చేత్తో పట్టుకుని, పాట ఎత్తుకుని అందరికంటే ముందు నడుస్తాడు. అరవై దాటాక కూడా, డెబ్బై దాటాక కూడా. ఆ నడక చూసి ఆడవాళ్లు కళ్లొత్తుకునేవారు. ఒకప్పుడు నేనూ ఒత్తుకున్నాను.

మా అక్క నర్సు. పెళ్లయిన మూడో ఏట, మొగుడు కొట్టిన చెంప వాపు దిగకముందే, ఏడాది పిల్లని చంకనేసుకుని మా ఇంటికి వచ్చేసింది. పెద్దాయన మూడుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ కాఫీ తాగి, ప్రార్థన చేసి, అక్కని వెనక్కి వెళ్లమన్నాడు. మూడోసారి అక్క ఎదురడిగింది. "మీ అమ్మాయినైతే పంపుతారా పెద్దయ్యా?" ఆయన కాఫీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

ఆ ఏడు మంచి శుక్రవారం అక్క వెళ్లి చేతులు చాచింది. ఆయన కుప్ప మీదికి వంగలేదు. పక్కన మట్టిలో సగం కూరుకుపోయిన రాయిని వేలితో చూపించాడు. ఇద్దరు మనుషులు దాన్ని పెళ్లగించి ఎత్తి అక్క చేతుల్లో పెట్టారు. అక్క నడుము వంగి, మళ్లీ నిటారు అయింది. పెయింటు డబ్బా పట్టుకున్న మనిషి ఆ రాయి మీద అక్క అక్షరాలు రాశాడు. గుండ్రంగా, అందంగా రాశాడు. అతను సంఘం యువజన కార్యదర్శి, చర్చా పోటీల్లో ఏ పక్షం ఇచ్చినా గెలిచేవాడు.

ఆ మనిషిని నేనే.

అప్పట్లో నా దగ్గర దానికీ ఒక వాదన ఉండేది. ఒక్క పూట ఓర్చుకుంటే నోళ్లు మూతపడతాయి, మోసి వచ్చేస్తే పీడ వదులుతుంది అని. అక్కతో అదే అన్నాను. అక్క నా వైపు చూసి నడక మొదలుపెట్టింది.

సగం కొండలో అరుగులాంటి చదును ఒకటి ఉంది. దానికి కాస్త కింద బండ నున్నగా ఉంటుంది. అక్కడ అక్క కుడికాలు జారింది. రాయి వదిలేసి ఉంటే చేతులు ఆనించుకునేది. వదల్లేదు. వదిలితే పాపం దిగదని చెప్పారు కదా. మోకాలు బండకి తగిలిన చప్పుడు నాకు వినపడింది. ఇద్దరు ఆ రాయిని అరుగు మీదకి చేర్చి వదిలేశారు. నలుగురు అక్కని కిందికి మోశారు.

ఎముక అతుక్కుంది గాని కాలు పూర్తిగా వంగదు. వార్డులో రోజంతా నిలబడే ఉద్యోగం పోయింది. ఇప్పుడు ద్వారకా నగర్‌లో ఒక ల్యాబులో స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ల రక్తం తీస్తుంది. పెద్దాయన ఏటేటా అరుగు దగ్గర అందర్నీ ఆపి, చేతికర్రతో చూపిస్తాడు. "పైకి చేరని రాయి." పేరు చెప్పడు. చెప్పనక్కర్లేదు, అక్షరాలున్నాయి. వానలకి వెలిసిపోతే వాటి మీద ఎవరో మళ్లీ పెయింటు వేస్తారు. కొండ ఎక్కలేని అక్కకి కింద జీడిచెట్టు నీడలో చెప్పుల దగ్గర కూర్చునే పని అప్పజెప్పారు.

నేను సంఘం మానేశాను, ఆ తర్వాత దేవుణ్ణీ మానేశాను. అక్క రెండూ మానలేదు. "నాను దేవుడి కాడికి ఎల్తన్నాను గాని ఆయన కాడికి కాదురా" అంటుంది. నేను వేదికలెక్కాను, మూఢనమ్మకాల మీద పుస్తకాలు వేశాను. రాయి అరుగు మీదే ఉంది.

ఈ ఏడు మంచి శుక్రవారానికి ముందు నలభై రోజుల ఉపవాసాలు, శ్రమల దినాలు, మొదలైన వారం పెద్దాయన మా మేనకోడల్ని పిలిపించాడు. ఏడాది పిల్లగా అక్క చంకన వచ్చిన ఆ అమ్మాయికి ఇప్పుడు ఇరవై రెండు. "ఈసారి నీకు వేరే రాయి లేదమ్మా. మీ అమ్మ రాయి నువ్వు పైకి చేర్చు. కూతురు చేర్చినా చేరినట్టే" అన్నాడట.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"సరే అన్నాను మావయ్యా. ఏడాదికోసారి ఆ రాయి కాడ ఆగి అందరూ నా మొకం సూత్తారు. ఒక్కసారి మోసేత్తే పీడ పోద్ది."

నా పాత వాదన. ఒక్క ముక్క మారలేదు. ఒక సాయంత్రమంతా దానికి బదులు చెప్పాను. పాపానికి బరువుండదన్నాను, బరువున్నది మోకాలికే అన్నాను, ఇరవై ఏళ్లుగా వేదికల మీద చెప్పినవన్నీ చెప్పాను. ఆమె అన్నం కలుపుకుంటూ ఓపిగ్గా విన్నది.

"అయిపోయిందా మావయ్యా? పెరుగెయ్యనా?"

అక్క వంటగదిలో ఉంది. గిన్నెలు కాస్త గట్టిగా పెట్టింది.

మాటలతో పని జరగదని తేలింది. ఆ రాయి బరువెంతో అంకె చెప్తే వింటుందేమో అనుకున్నాను. మా వీధిలో చేపలమ్మే ఆమె దగ్గరికి వెళ్లి కొక్కెం ఉన్న స్ప్రింగు కాటా అడిగాను.

"సేపల కాటాతో నువ్వేటి తూత్తావు బాబూ?"

"పాపం తూస్తానమ్మా."

"అయితే అర కేజీ తీసేసుకో. ముల్లు ఎక్కువ సూపిత్తాది. సేపలకి సరిపోద్ది గాని పాపానికి తప్పు కదా" అంది, కొడవలికి అంటిన పొలుసులు దులుపుతూ.

మద్దిలపాలెం డిపో దగ్గర ఆటో నడిపే స్నేహితుడొకడు నాకున్నాడు. విజయనగరం వైపు రైతు కుటుంబం. ఆటో కొనకముందు చాలా ఏళ్లు ప్లాంటు బయట స్లాగు యార్డులో కాంట్రాక్టు పని చేశాడు. కొలిమిలో ఇనుము కరిగాక పైన తేలే మడ్డిని పారబోసేది అక్కడే. మా ఇద్దరికీ చుట్టరికం లేదు గాని ముప్పై ఏళ్లుగా ఒకరికొకరం బావలం. మంచి శుక్రవారానికి ముందు ఆదివారం, తెల్లవారగానే అతని ఆటోలో బయల్దేరాం.

కొండ కింద నిలబడి అతను తల పైకెత్తి చూశాడు.

"మా దేవుడి కొండకి మెట్లున్నాయి, బస్సుంది, పైన పులిహోరుంది. మీ దేవుడేటి బావా, ఇలా బండ మీద దేకిత్తన్నాడు?"

"మా దేవుడు కాదు. మా పెద్దాయన."

"నీకెలాగూ దేవుడు లేడు కదా. మరి నువ్వెందుకు దేకుతన్నావు?"

దానికి నా దగ్గర సమాధానం ఉంది. చెప్పడానికి ఊపిరే లేదు. జీడిచెట్లు దాటగానే బండ మొదలైంది. మార్చి ఎండకి ఏడు గంటలకే రాయి వేడెక్కింది. పగుళ్లలో వేళ్లు దూర్చి, పొట్ట బండకి ఆనించి, ఒక కాలు దొరికాక ఇంకో కాలు. అతని చెప్పులు జారుతున్నాయని విప్పి నడుముకి కట్టుకున్నాడు. నేను ఈ కొండ ఎక్కి ఇరవై ఏళ్లు దాటింది. అప్పుడు పాటలు పాడుతూ ఎక్కాను, ఎత్తు తెలియలేదు. ఇప్పుడు ప్రతి అడుగూ తెలిసింది. ఒకచోట కిందికి చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆటో అగ్గిపెట్టెలా ఉంది.

నున్నటి చోటు వచ్చింది. కూర్చుని, ముడుచుకుని, పిరుదుల మీద జరుగుతూ దాటాను. చేతులు ఖాళీగా ఉండి కూడా.

అరుగు మీద రాయి ఉంది. అక్షరాలు తెల్లగా మెరుస్తున్నాయి. నేను రాసిన వంపులే, పైన కొత్త పెయింటు. తువ్వాలు ఉయ్యాలలా కట్టి రాయిని అందులో దొర్లించాం. బావ కాటాని రెండు చేతులా పట్టుకుని లేపాడు. అతని మెడ నరాలు ఉబ్బాయి.

"ఎంత బావా?"

"పదకొండున్నర."

"అర తీసెయ్యి. పదకొండు. ఆడపిల్ల సేతికి పదకొండు కేజీలిచ్చి ఈ బండెక్కమన్నాడా? మా యార్డులో కూడా మనిషిని సూసి తట్ట నింపేవోళ్లు బావా."

అంకె దొరికింది. అక్కడి నుంచి దిగిపోవచ్చు. కానీ ఇంత దూరం వచ్చాక పైకి వెళ్లకుండా దిగడానికి నాకు మనసొప్పలేదు. ఆ శిఖరాన్ని కూడా ద్వేషించాలనిపించింది, దగ్గర నుంచి చూసి ద్వేషించాలని. చివరి నాలుగు నిలువులు ఒక పగులు వెంట పైకి పాకాలి. వీపు ఒక గోడకి, పాదాలు రెండో గోడకి తన్ని పెట్టి జానెడు జానెడు జరగాలి. చొక్కా వెనక చిరిగింది. మోచేతులు కొట్టుకుపోయాయి. బావ ముందు ఎక్కి, పైనుంచి చెయ్యి అందించి లాగాడు. బోర్లా పడి పైకి చేరాను.

పైన గాలి. తూర్పున సముద్రం, రేవులోకి పిలుపు కోసం లంగరేసుకున్న ఓడలు, పోర్టు క్రేన్లు, ఎర్రటి ఖనిజం కుప్పలు. ఇటువైపు ప్లాంటు పొగ. నిజం చెప్పాలంటే అందంగా ఉంది. అంత అందమైన చోటికి మనుషుల్ని తలదించుకుని రమ్మన్నవాడి మీద నా కోపం ఇంకాస్త పెరిగింది.

బావ నీళ్లు తాగడానికి రాళ్ల గుట్ట మీద కూర్చున్నాడు. కూర్చోడానికి అడ్డుగా ఉన్న పెద్ద రాయినొకదాన్ని పక్కకి జరపబోయాడు. బరువు ఉంటుందని బలం పెట్టి ఎత్తాడు. రాయి చటుక్కున గాల్లోకి లేచింది, అతను వెల్లకిలా పడబోయి ఆగాడు.

"ఓలమ్మో. ఇదేటి బావా?"

గోరుతో గీకాడు. వేళ్ల కణుపులతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పైనున్న, ఎర్రమట్టీ సిమెంటూ కలిపిన పూత పెచ్చుగా ఊడి, కింద బూడిదరంగు బొక్కలు బయటపడ్డాయి, నీళ్లు పోసిన సున్నంలా పొంగి ఆరిపోయినట్టు.

"ఇది రాయి కాదు. స్లాగు. వేడి మీదుండగా నీళ్లు తగిలితే ఇలా పొంగుతాది, లోపలంతా గాలే. రోజుకి లారీలు లారీలు సూసినోణ్ణి, నాకు సెప్పక్కర్లేదు. ఎవలిదిది?"

తిప్పి చూశాను. తెల్ల పెయింటుతో రెండక్షరాలు. పెద్దాయనవి.

ఇద్దరం గుట్ట కెలికాం. ఆయన అక్షరాలున్నవి వెతికి వెతికి తీశాం. పెద్దగా వెతకనక్కర్లేదు కూడా, పెద్దాయనవని వాటి మీద ఎవరూ రాయి పెట్టరు, అన్నీ పైపైనే ఉన్నాయి. ఏ సంవత్సరం చూసినా అదే మడ్డి, అదే ఎర్రటి పూత. అక్క పడిన ఏటిది కూడా దొరికింది, అక్షరాలు సగం వెలిసిపోయి. కాటాకి తగిలించాం. రెండున్నర. అర తీసేస్తే రెండు.

బావకి నవ్వాగలేదు. సిలువకి వీపు ఆనించి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "ఎంత తెలివైనోడు బావా! గుమ్మడికాయంత పాపం, బీరకాయంత బరువు!" నాకు నవ్వు రాలేదు. ఆయనకి తెలుసు. బరువు మోస్తే ఏమవుతుందో ఆయనకి మొదటి నుంచీ తెలుసు కాబట్టే తను మోయలేదు. నమ్మి మోసినవాణ్ణి నేను క్షమించగలను. ఈయన నమ్మలేదు.

"ఒకటి కిందికి పట్టుకెళ్తాను. ఫొటో తీసి, వ్యాసం రాసి..."

"రాత్తావు. సదివేది ఎవలు? నువ్వూ, నీలాటోళ్లు పదిమందీ. ఈ ఏడు కూడా ఆయన నెత్తిన పెట్టుకుని వత్తాడు కదా. ఆయన తెచ్చిందే, అందరి ముందూ తూసెయ్యి. ఇయ్యన్నీ ఇక్కడే వొగ్గెయ్యి."

వాదనల్లో ఓడిపోవడం నాకు అలవాటు లేదు. ఆ రోజు ఓడిపోయాను. కానీ ఒక మాట మీద నిలబడ్డాను. అరుగు మీది రాయిని నేనే కిందికి దించుతానన్నాను. బావ వద్దన్నాడు, తిట్టాడు, చివరికి తువ్వాలుతో నా వీపుకి కట్టాడు. ఎక్కడానికి గంటన్నర పడితే అరుగు నుంచి దిగడానికే రెండు గంటలు పట్టింది. నున్నటి చోట రాయి నన్ను పక్కకి లాగింది. అరచేతులు బండకి అతికించి ఆగాను, చర్మం అక్కడే ఉండిపోయింది. అక్క చేతులు ఆ రోజు రాయి కింద ఉన్నాయి. ఆనించుకోడానికి ఆమెకి చేతులు లేవు. ఇది నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. తెలియడం వేరు, ఆ చోట కూర్చుని ఏడవడం వేరు. ఏడిచాక కోపం తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు.

శుక్రవారం. జీడిచెట్ల కింద అందరూ చేరారు. అక్క చెప్పుల దగ్గర కూర్చుంది, వంగని కాలు ముందుకి చాచుకుని, జతలు సర్దుతోంది. బావ తన ఆటో పైకడ్డీకి కాటా తగిలించాడు. కింద అక్క రాయి పెట్టాం. తువ్వాలు చుట్టిన రాయి నెత్తిన పెట్టుకుని పెద్దాయన వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. అరుగు మీద ఉండాల్సింది కింద కనపడేసరికి ఆగిపోయాడు.

"దీన్ని ఎవరు దించారు?"

"నేనే పెద్దయ్యా" అన్నాను. "ఈ ఏడు అందరి రాళ్లూ తూచి పంపుదాం. ఎవరి భారం ఎంతో తెలుస్తుంది."

"తమ్ముడూ, నువ్వు నమ్మవు కాబట్టి అలా అంటావు. దేవుడి తూకం వేరు."

"దేవుడి తూకం వేరైతే ఈ తూకం మీ చేతికెందుకు వచ్చింది?"

గుంపులో కదలిక. వెనక ఎవరో "ఊరుకో బాబూ, మంచి రోజు" అన్నారు. ఆయన కాటా వైపు చూశాడు. "అదెక్కడిదో చేపల కాటా. తప్పు చూపిస్తుంది."

"చూపిస్తుంది. అర కేజీ ఎక్కువ. చేపలమ్మే ఆమె అడక్కుండానే ఒప్పుకుంది."

అప్పుడు మా మేనకోడలు ముందుకొచ్చింది. నాకు చెప్పలేదు, నన్ను అడగలేదు. ఆమెకి నేను పదకొండు అనే అంకె తప్ప ఇంకేమీ చెప్పలేదు. "పెద్దయ్యా, నిలబడి ఎంతసేపు మోత్తారు, బరువు కదా, ఇలాగివ్వండి" అంటూ మర్యాదగా రెండు చేతులూ చాచింది. ఆయన వెనక్కి జరిగేలోపే తలమీది మూట అందుకుంది. బరువుకి సిద్ధమై పెట్టిన చేతులు జానెడు పైకి లేచాయి. ఆమె మొహం చూశాను. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఒక చేత్తో మార్చుకుని, తువ్వాలు విప్పి, తనే కాటాకి తగిలించింది.

"రెండుంపావు" అని గట్టిగా చదివింది. తర్వాత ఎవరి సాయం తీసుకోకుండా అమ్మ రాయిని ఎత్తబోయింది. బావ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి తగిలించారు. ఆటో ఒక పక్కకి ఒరిగింది.

"పదకొండున్నర."

బావ స్లాగు సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. చెప్పనక్కర్లేకపోయింది. అక్కడ సగం ఇళ్లలో ప్లాంటుతో సంబంధం ఉన్నవాళ్లే. ఒకాయన దగ్గరికొచ్చి వేలితో పొడిచి చూసి, తల వంచుకుని పక్కకి వెళ్లాడు.

నేను అక్క రాయి తీసి పెద్దాయన కాళ్ల ముందు పెట్టాను. "ఈ ఏడు ఇది మీరు మొయ్యండి."

పాటల బృందంలోని ముసలామె అడ్డుపడింది. "పోనీలే బాబూ, డెబ్బై దాటేసిన మడిసి. వొగ్గెయ్యి." అందరూ అక్క వైపు తిరిగారు. వాళ్లకి తెలుసు, మా ఇంట్లో నమ్మేది అక్క, నమ్మనిది నేను. క్షమాపణ ఆమె నోటి నుంచి రావాలని ఎదురుచూశారు. అక్క చేతిలో ఎవరిదో చెప్పుల జత ఉంది. దాన్ని వరసలో పెట్టింది.

"మొయ్యమను" అంది.

ఆయన వంగాడు. రెండోసారికి లేపగలిగాడు. జీడిచెట్లు దాటాడు. బండ మొదలైన చోట నాలుగడుగులు వేశాడు. రాయి పొట్ట మీద నుంచి తొడల మీదకి, తొడల మీద నుంచి బండ మీదకి దిగింది. దాని పక్కనే కూర్చుండిపోయాడు. "నా మోకాళ్లు..." అన్నాడు.

ఆ ముక్క కోసం నేను ఇరవై ఏళ్లు ఎదురుచూశాను. జాలి కలుగుతుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకున్నాను. కలగలేదు.

ఆ రోజు కొంతమంది తమ రాళ్లు కాటాకి తగిలించి చూసుకుని, అక్కడే పడేసి, ఉత్త చేతులతో ఎక్కారు. కొంతమంది చూసుకున్నాక కూడా మోసుకునే వెళ్లారు. ఎనిమిది కేజీలిచ్చిన ఒక విధవరాలు రాయిని చెట్టు మొదట్లోకి విసిరికొట్టి ఇంటికెళ్లిపోయింది. మేనకోడలు ఎక్కలేదు. అమ్మ రాయి పక్కన గొంతుక్కూర్చుని అక్షరాలు తడిమింది.

"మావయ్యా, ఇవి మొదట రాసిందెవరు?"

ఇరవై ఏళ్లలో ఇంట్లో ఎవరూ ఆమెకి చెప్పలేదు. అక్క కూడా.

"నేనే."

ఆమె గరుకు రాయి ముక్క ఒకటి ఏరి నా చేతిలో పెట్టింది. "అయితే నువ్వే గీకు."

గీకాను. చర్మం లేచిన అరచేతులతో, పై పెయింటు, దాని కింది పెయింటు, దాని కింద నేను వేసిన మొదటి పెయింటు పోయేదాకా. ఆమె నిలబడి చూసింది. ఒక్క వంపు మిగిలినా వేలితో చూపించింది. పైనుంచి పాట వినపడుతూనే ఉంది.

ఆ రాయి ఇప్పుడు అక్క ఇంట్లో ఉంది. సాయంత్రం ల్యాబు నుంచి వచ్చాక, వంగని కాలు దాని మీద పెట్టుకుని మోకాలికి నూనె రాసుకుంటుంది. పెద్దాయన ఇంకా పెద్దాయనే. ఆదివారం ఆయనకి ముందు వరసలోనే కుర్చీ వేస్తున్నారు. వచ్చే ఏడు అసలైన రాయి తెచ్చుకుంటాడేమో, లేదా రాళ్ల ఆచారం తీసేసి ఇంకోటి పెడతాడేమో. అందుకే నా పని అయిపోలేదు.

మీ పని మొదలే కాలేదు. మీ గుళ్లోనో, చర్చిలోనో, మసీదులోనో, మీ కుల సంఘంలోనో, మీ ఇంట్లోనో ఒకాయన మీ చేతుల్లో రాయి పెడుతూనే ఉన్నాడు. మీ అక్క చేతుల్లో పెడుతుంటే మీరు పక్కన పెయింటు డబ్బా పట్టుకుని ఉన్నారు. ఆ బ్రష్షు కింద పడెయ్యండి. చేపల బజారుకి వెళ్లి కాటా తెచ్చుకోండి. ముందు ఆయన నెత్తిమీది రాయి దింపి, అందరి ముందూ తూచండి.